పెళ్ళికి ముందు కౌన్సెలింగ్: ఐదు సిట్టింగుల్లో ఏం అడగాలి, ఏం రాసుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంబంధాలు కుదిరే తీరు అందరికీ తెలిసిందే. మధ్యవర్తి కబురు తెస్తాడు, జాతకాలు చూపిస్తారు, పెళ్ళిచూపులు ఒక పూటలో అయిపోతాయి. ఆ తర్వాత పెద్దల మాటలన్నీ ఇచ్చిపుచ్చుకోవడాల చుట్టూనే తిరుగుతాయి. తాంబూలాలు పుచ్చుకున్నాక అబ్బాయీ అమ్మాయీ ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకుంటారు గానీ అప్పులెన్ని, ఇంట్లో ఏ జబ్బులున్నాయి, పెళ్ళయ్యాక ఎవరితో ఉండాలి అన్నవి ఆ మాటల్లోకి రావు. కొత్త జంటల గొడవల్ని కాస్త లోతుగా తవ్వితే చాలావాటి అడుగున ఇలా అడగకుండా వదిలేసిన ప్రశ్నే కనిపిస్తుంది. ఆ ప్రశ్నల్ని వేళకి అడిగించి, జవాబుల్ని కాగితం మీద పెట్టించడమే పెళ్ళికి ముందు కౌన్సెలింగ్ చేసే పని. ఇది జంటల కోసమూ, వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించే లాయర్లు, పాస్టర్లు, టీచర్లు, నర్సుల కోసమూ రాసింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పెళ్ళిచూపులకీ తాంబూలాలకీ మధ్యన అయితే అన్నిటికన్నా మంచిది. కుదరకపోతే కనీసం శుభలేఖలు అచ్చుకి ఇవ్వకముందు. మండపానికి అడ్వాన్సు కట్టేసి, వంటవాళ్ళకి మాటిచ్చి, ఊరంతా చెప్పుకున్నాక "నాకు ఈ విషయంలో అనుమానంగా ఉంది" అని నోరు తెరవడం ఎవరికైనా కష్టం. తెరిచినా "ఇప్పుడా చెప్పేది?" అని నోరు మూయిస్తారు.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేస్తే ఎనిమిది వారాలు చేతిలో ఉండాలి. రక్తపరీక్షలు, తేడా వస్తే మళ్ళీ చేయించడం, వీటికే రెండు మూడు వారాలు పోతాయి. సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య వారం ఎడం కావాలి, ఎందుకంటే ఒక సిట్టింగులో లేచిన ప్రశ్నకి జవాబు ఇంట్లో అడిగి తెలుసుకుని రావాలి. "మూఢం వచ్చేస్తోంది" అని రెండు వారాల్లో పెళ్ళి చేసేసే ఇళ్ళలో ఐదూ కుదరవు. అలాంటప్పుడు మొదటి మూడూ, అంటే ఇష్టం, ఆరోగ్యం, డబ్బు, మాత్రం వదలొద్దు. మిగతా రెండూ పెళ్ళయిన నెలలోపు చేసుకున్నా పనికొస్తాయి.

ఎవరి దగ్గర కూర్చోవాలి

క్యాథలిక్, బాప్టిస్టు సంఘాల్లో పెళ్ళికి ముందు తరగతులు చెప్పే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మిగతావాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాన్ని అడగవచ్చు, లేదా ప్రైవేటు సైకాలజిస్టుని చూసుకోవచ్చు. ఎవరూ అందుబాటులో లేకపోతే మీ ఊళ్ళోనే ఒక మూడో మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి రెండు కుటుంబాల్లో ఎవరికీ చుట్టం కాకూడదు, సంబంధం కుదిర్చిన మధ్యవర్తి అసలే కాకూడదు. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టడానికి ఒప్పుకోవాలి, విన్నది ఎవరికీ చెప్పకూడదు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి కలిసి చేస్తే ఇంకా సుఖం.

కౌన్సెలరు మొదటి పది నిమిషాల్లోనే అమ్మాయి వైపు తిరిగి "నువ్వే సర్దుకుపోవాలమ్మా" అన్నా, తల్లిదండ్రుల్ని గదిలోకి పిలిచినా అక్కడితో ఆపి ఇంకొకరిని వెతుక్కోండి. చోటు విషయంలోనూ పట్టుదలగా ఉండాలి. తలుపు ఓరగా వేసి, వసారాలో పెద్దమ్మలూ అత్తలూ కూర్చుని ఉంటే లోపల ఎవరూ నిజం మాట్లాడరు. బడి గది, ఆసుపత్రి గది, చర్చి ఆఫీసు, ఏదైనా సరే, మాట బయటికి వినపడని చోటు కావాలి. ఒక్కో సిట్టింగుకి గంట నుంచి గంటన్నర చాలు. ఇద్దరి దగ్గరా చెరో నోటుపుస్తకం ఉండాలి.

మొదటి సిట్టింగు: విడివిడిగా

ముందు అమ్మాయితో ముప్పావుగంట, తర్వాత అబ్బాయితో ముప్పావుగంట. "ఈ పెళ్ళి ఇష్టమేనా?" అని సూటిగా అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు: "నాన్న ఇష్టమే నా ఇష్టం." అందుకని ఇలా అడగాలి.

"ఈ సంబంధం వద్దంటే ఇంట్లో ఏమవుతుంది?"

"పెళ్ళి ఆరు నెలలు వాయిదా పడిందని రేపు పొద్దున తెలిస్తే మొదట నీకేమనిపిస్తుంది?"

రెండో ప్రశ్నకి ముఖంలో ఊరట కనిపిస్తే అక్కడ ఆగాలి, ఇంకా అడగాలి. మేనరికాల్లో ఈ సిట్టింగు మరీ ముఖ్యం. పుట్టినప్పుడే "నీ మొగుడు, నీ పెళ్ళాం" అని అనుకున్న ఇళ్ళలో వద్దనడమంటే అన్నాచెల్లెళ్ళ బంధాన్ని తెంచినట్టే లెక్క, ఆ బరువంతా పిల్లల నెత్తిన పడుతుంది.

వయసు కూడా ఇక్కడే చూడాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. జాతకంలో రాసిన తేదీని నమ్మకుండా పుట్టినతేదీ సర్టిఫికెట్టు గానీ పదోతరగతి మార్కుల జాబితా గానీ చూడండి. తక్కువ ఉంటే కౌన్సెలింగ్ అక్కడితో ఆగిపోవాలి. అది 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కిందికి వస్తుంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సిన విషయం.

దాచకూడనివి ఏవంటే: ఇంతకుముందు పెళ్ళి, పిల్లలు, కోర్టు కేసు, పోలీసు కేసు, ఇప్పటికీ నడుస్తున్న వేరే బంధం, ఉద్యోగం గురించి చెప్పిన అబద్ధం. కాంట్రాక్టు పనిని పర్మినెంటు అని, డిగ్రీ మధ్యలో మానేసి "అయిపోయింది" అని చెప్పిన సంబంధాలు కొన్ని ఉంటాయి. వాటిని పెళ్ళికి ముందు సొంత నోటితో ఒప్పుకోవడం వేరు, పెళ్ళయ్యాక తోడికోడలి నోట బయటపడటం వేరు. ఎప్పుడో ముగిసిపోయిన కాలేజీ ప్రేమ ఈ జాబితాలోకి రాదు. చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. దాన్ని రాబట్టడానికి ఫోను పాస్‌వర్డులు అడగడాన్ని మేము ఒప్పుకోం.

విడిగా ఉన్నప్పుడు ఒకరు "నాకు వద్దు" అంటే ఆ మాట కౌన్సెలరు నోట బయటికి రాకూడదు. ముందు ఆ అమ్మాయితోనో అబ్బాయితోనో కూర్చుని, ఇంట్లో ఎవరు అండగా నిలుస్తారో, కొట్టే ప్రమాదం ఉందో లేదో తేల్చుకోవాలి. ఆ తర్వాతే, పేరు ఎత్తకుండా, "ఇద్దరికీ ఇంకొంత సమయం కావాలి" అని పెద్దలకి చెప్పాలి.

రెండో సిట్టింగు: ఆరోగ్యం

పరీక్షలన్నీ ఇద్దరూ చేయించుకోవాలి. అమ్మాయికి మాత్రమే చేయించే పద్ధతి అన్యాయం, పైగా పనికిరాదు, ఎందుకంటే కింద చెప్పే వాటిలో చాలా ఫలితాలకి రెండోవాళ్ళ రిపోర్టు పక్కన ఉంటేనే అర్థం తెలుస్తుంది. కన్యత్వ పరీక్ష అని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు, దానికి వైద్యంలో ఆధారం లేదు.

చేయించాల్సినవి: బీపీ, సీబీసీ (రక్తకణాల లెక్క), రక్తం గ్రూపు, సుగరు, సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), మూత్ర పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో హిమోగ్లోబిన్ రకాలు చూసేది), హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష). హెచ్‌ఐవీకి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితంగా, గుట్టుగా చేస్తారు, ముందూ వెనకా కౌన్సెలింగ్ కూడా ఇస్తారు. ఒక జాగ్రత్త: ఒంట్లోకి వైరస్ వచ్చిన మొదటి వారాల్లో పరీక్షకి అందకపోవచ్చు. అనుమానం ఉన్న సంఘటన దగ్గరలో జరిగి ఉంటే మూడు నెలలు నిండాక మళ్ళీ చేయించాలి. హెపటైటిస్ బి ఒకరికి ఉంటే రెండోవాళ్ళు 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసుల టీకా వేయించుకోవాలి, అది పూర్తయ్యేదాకా కండోమ్ వాడాలి. రిపోర్టు కవరుని ఎవరిది వాళ్ళే తెరవాలి. మావయ్య గారి చేతికీ మధ్యవర్తి చేతికీ వెళ్ళకూడదు.

ఉద్దానం సంగతి విడిగా చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్ళని పట్టిందో అందరికీ తెలుసు. ఇక్కడి జబ్బుకి ఒక లక్షణం ఉంది. మొదటి దశల్లో కాళ్ళ వాపులు ఉండకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు. మూత్ర పరీక్ష ఒక్కటే చేయించి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు. క్రియాటినిన్ చూసి, దాన్నుంచి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయన్న లెక్క, కట్టించాలి. 60 కన్నా తక్కువ వస్తే మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాకే జబ్బు అని తేలుస్తారు. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం దీనికోసమే ఉన్నాయి. అయితే "ఉద్దానం పిల్ల" అనో "ఉద్దానం సంబంధం" అనో చెప్పి వదిలేసే వాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇది అంటుజబ్బు కాదు. రిపోర్టు బాగున్న మనిషిని ఊరి పేరు చెప్పి కాదనడానికి కారణమే లేదు. రిపోర్టులో తేడా ఉంటే మాత్రం దాచకూడదు. కిడ్నీ జబ్బున్న అమ్మాయికి గర్భం దాల్చడం గురించి, నొప్పి మాత్రలు మానడం గురించి డాక్టరు ముందే చెప్పాల్సినవి చాలా ఉంటాయి.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువగా ఏజెన్సీలో కనిపిస్తుంది. సీతంపేట, పాలకొండ, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నా, 2022 ఏప్రిల్ 4కి ముందు ఈ రెండు జిల్లాల్లోవే. చుట్టరికాలు ఇప్పటికీ అటూ ఇటూ నడుస్తున్నాయి. తమకి జబ్బు లేకుండా దాని లక్షణాన్ని పిల్లలకి అందించగలవాళ్ళని వాహకులంటారు. లెక్క ఇది: ఒక్కరే వాహకులై, రెండోవాళ్ళకి ఏ లక్షణమూ లేకపోతే పిల్లలకి జబ్బు రాదు, సగం మందికి వాహక లక్షణం రావచ్చు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50 శాతం. "మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదు" అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ప్రతి కాన్పుకీ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. ఇలాంటిదే ఇంకో రక్తజబ్బు తలసీమియాదీ ఇదే లెక్క. హెచ్‌పీఎల్‌సీతో రెండూ తెలుస్తాయి. కాకపోతే గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ఫలితాన్ని నమ్మలేం. ఐరన్ బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో తలసీమియా వాహక లక్షణం బయటపడకపోవచ్చు. సీబీసీలో ఎంసీవీ (ఎర్రకణాల సైజు) 80 కన్నా తక్కువ ఉంటే ముందు ఐరన్ సంగతి చూసుకుని మళ్ళీ చేయించండి.

మేనరికం అయితే అరగంట కూర్చుని మూడు తరాల వంశవృక్షం గీయండి. పురిట్లో పోయిన బిడ్డలు, పుట్టుచెవుడు, బుద్ధిమాంద్యం, రేచీకటి, తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళు, ఒక్కొక్కరినీ గుర్తుపెట్టండి. ఇంట్లో ఎవరూ మాట్లాడని పేర్లు అమ్మమ్మలు చెబుతారు, వాళ్ళని అడగండి. బయటి సంబంధాల్లో నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకి పుట్టుకతో లోపం ఉంటే, బావామరదళ్ళ పెళ్ళిలో అది దాదాపు రెట్టింపు. మేనమామతో అయితే ఇంకా ఎక్కువ. పై తరాల్లోనూ మేనరికాలే ఉంటే లెక్క మరింత పెరుగుతుంది. వంశవృక్షంలో ఒకే లోపం రెండు చోట్ల కనిపిస్తే జన్యు నిపుణుల్ని కలిశాకే తేదీ పెట్టుకోండి.

రక్తం గ్రూపు పడలేదని సంబంధం వదులుకోవద్దు. అమ్మాయిది నెగెటివ్, అబ్బాయిది పాజిటివ్ అయితే గర్భంలో 28 వారాలప్పుడు, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు, ఆంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు.

మూర్ఛ, మానసిక జబ్బుల దగ్గర జరిగే పొరపాటు చాలా ప్రమాదకరం. పెళ్ళివాళ్ళకి తెలియకూడదని ఇంట్లోవాళ్ళు మందులు ఆపించేస్తారు. పైన రాత్రి ముహూర్తం, రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడం. మందు ఆగి, నిద్ర కూడా చెడితే పెళ్ళిపీటల మీదో, కాపురానికి వెళ్ళిన వారంలోనో జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు "మోసం చేశారు" అన్న మాట జీవితాంతం పోదు. ముందే చెప్పండి, మందు ఒక్కపూట కూడా ఆపకండి, పగటి ముహూర్తం అడగండి. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు గర్భంలోని బిడ్డకి హాని చేస్తాయి కాబట్టి అమ్మాయి పెళ్ళికి ముందే డాక్టరుతో మందు మార్చే విషయం మాట్లాడుకోవాలి. సలహా కోసం టెలీమానస్ నంబరు 14416.

తాగుడు గురించి "అలవాటుందా?" అని అడిగితే "అప్పుడప్పుడు" అంటారు. వారంలో ఎన్ని రోజులు, ఎంత, ఎవరితో, మరుసటి రోజు డ్యూటీ మానేసింది ఎన్నిసార్లు, ఇలా అడగండి.

మూడో సిట్టింగు: డబ్బు

ఇద్దరూ బ్యాంకు పాసుపుస్తకాలు, జీతం స్లిప్పులు, సిబిల్ రిపోర్టు తెచ్చుకోవాలి. బ్యాంకు అప్పుల చరిత్ర చూపే సిబిల్ పూర్తి రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. అందులో కనపడనివి నోటితో చెప్పాలి: వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవి, డ్వాక్రా అప్పు, పాడిన చీటీ, చెల్లెలి పెళ్ళికి తెచ్చి ఇంకా తీరనిది, స్నేహితుడికి పెట్టిన జామీను సంతకం. జామీను చాలామంది అప్పుగా లెక్కేయరు, వాడు కట్టకపోతే మీ జీతం మీదికే వస్తుంది.

తర్వాత ఒకే కాగితం మీద నెల లెక్క రాయాలి. ఒక నమూనా చూడండి. అబ్బాయి పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో 26,000, అమ్మాయి విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 14,000 తెచ్చుకుంటున్నారు. కలిపి 40,000. అబ్బాయి ఇంటికి పంపేది 6,000, అమ్మాయి తన తల్లికి ఇచ్చేది 3,000, అద్దె 6,000, బండి వాయిదా 3,500, చీటీ 5,000. ఇంతవరకు 23,500. ఇప్పుడు పెళ్ళి ఖర్చుకని అబ్బాయి నాన్నగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చారనుకుందాం. నెలకి వడ్డీయే 6,000. కొడుకే కట్టాలి. మిగిలేది 10,500. అందులోనే బియ్యం, గ్యాసు, బస్సు చార్జీలు, ఫోన్లు, మందులు. మూడేళ్ళు అసలు తీర్చకపోతే వడ్డీకింద పోయేది 2,16,000. ఈ కాగితం చూశాక డీజేనీ డ్రోన్ కెమెరానీ జంటలు తమంతట తామే కొట్టేస్తారు. అందుకే డబ్బు సిట్టింగు మండపం మాట్లాడుకోకముందు జరగాలి.

కాగితం చివర మూడు జవాబులు రాయాలి. అమ్మాయి జీతం ఎవరి అకౌంటులో పడుతుంది? (ఆమె అకౌంటులోనే పడాలి, ఏటీఎం కార్డు ఆమె దగ్గరే ఉండాలి. దీని మీద బేరం వద్దని గట్టిగా చెబుతాం.) ఆమె తన తల్లిదండ్రులకి పంపడం ఎప్పటిదాకా, ఎంత? ఒకరికి చెప్పకుండా ఇంకొకరు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, 1,000 వరకా, 3,000 వరకా?

కట్నం గురించి డొంకతిరుగుడు లేకుండా మాట్లాడాలి. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. కనీసం అయిదేళ్ళ జైలు, 15,000 రూపాయలు గానీ కట్నం విలువ గానీ ఏది ఎక్కువైతే అంత జరిమానా. కట్నం ఒప్పందం కాగితం మీద రాసుకున్నా చెల్లదు. "లాంఛనాలు", "ఆడపడుచు కట్నం", "బండికి సాయం" అని పేరు మార్చినా పెళ్ళి షరతుగా అడిగితే అది కట్నమే. అబ్బాయిని విడిగా అడగండి: "మీ ఇంట్లో ఏం అడిగారో నీకు తెలుసా? నువ్వు వద్దని చెప్పగలవా?" తెలియదన్న జవాబు చాలాసార్లు నిజమే. తెలుసుకుని రమ్మని పంపించాలి, అది ఆ వారం అతని పని.

అడగకుండా ఇష్టంతో ఇచ్చిన కానుకలకి 1985 నియమాల ప్రకారం జాబితా ఉండాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవాళ్ళ పేరు, వాళ్ళు ఏమవుతారు, ఇవన్నీ రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. అమ్మాయి కానుకల జాబితా అమ్మాయి దగ్గర, అబ్బాయిది అబ్బాయి దగ్గర. పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఇచ్చే బంగారం, భూమి ఆమె సొంతం. నగలకి ఒక్కోదానికీ షాపు బిల్లు, బరువు, హాల్‌మార్కు మీది ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు రాసుకుని ఫోటో తీసి పెట్టండి. పాత నగ అయితే కంసాలి దగ్గర తూకం వేయించి రాయించండి. "ఇంట్లో బీరువాలో పెట్టించాం" అన్న నగలే తర్వాత తాకట్టుకి వెళతాయి. లాకరు ఆమె పేరుమీద ఉండాలి.

నాలుగో సిట్టింగు: ఎక్కడ, ఎవరితో

మన జిల్లాల్లో ఉద్యోగం ఒకచోట, ఇల్లు ఒకచోట. హైదరాబాద్, విశాఖ, చెన్నై వెళ్ళేవాళ్ళు, మిలటరీవాళ్ళు, గుజరాత్ వెరావల్‌కి వేటకి వెళ్ళే మత్స్యకారులు, ఎవరి లెక్క వాళ్ళది. "పెళ్ళయ్యాక చూద్దాం" అనకుండా మొదటి 24 నెలలకి కాగితం మీద గళ్ళు గీసి, ఏ నెల ఎవరు ఎక్కడుంటారో నింపండి. వెరావల్ వెళ్ళేవాళ్ళకి పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం ఉంటుంది, ఇంటికి వచ్చేది ఎక్కువగా అప్పుడే. చాలావరకు ఆ రోజుల్లోనే ఆషాఢం వస్తుంది. ఆషాఢం పాటించే ఇళ్ళలో కొత్తకోడలిని పుట్టింటికి పంపేస్తే ఆ జంట కలిసుండే రోజులు ఏడాదిలో ఇంకేం మిగలవు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదన్నదే ఆచారం కాబట్టి ఆ నెల వేరే గది తీసుకోవడమో, అబ్బాయే అత్తారింటికి వెళ్ళి ఉండటమో పెద్దలతో ముందే మాట్లాడి ఒప్పించవచ్చు.

సైనికుడిని చేసుకుంటుంటే ఫీల్డ్ పోస్టింగులో భార్యని తీసుకెళ్ళడం కుదరదని, కుటుంబాన్ని తెచ్చుకోగల పీస్ స్టేషన్లో కూడా క్వార్టరు వెంటనే దొరకకపోవచ్చని అమ్మాయికి తెలియాలి. పెళ్ళి వివరం యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరుగా, అంటే సైనికుడి సొంత వివరాలు ఎక్కించే ఉత్తర్వుగా, నమోదైతేనే రికార్డుల్లో భార్యగా ఆమె పేరు ఎక్కుతుంది. దీన్ని మొదటి సెలవు దాటనివ్వకుండా చేయించమని రాసుకోండి.

అత్తమామలతో కలిసి ఉంటే మాట్లాడుకోవాల్సినవి చిన్నచిన్నవే. పొద్దున ఎవరు లేస్తారు, వంట ఎవరిది, ఆమె డ్యూటీకి వెళ్ళే రోజు ఎవరు చేస్తారు, పడుకునే గదికి గొళ్ళెం ఉందా, పుట్టింటికి వెళ్ళడానికి అనుమతి అడగాలా, చెప్పి వెళితే చాలా. సారె ఎన్ని కావిళ్ళు, సంక్రాంతి ఎక్కడ, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఎక్కడ, ఇవి కూడా అడగండి. చదువు కొనసాగించాలనుకుంటే ఫీజు ఎవరు కడతారో కూడా రాయాలి. "చదివిస్తాం" అన్న మాటకి ఫీజు తేదీ పక్కన లేకపోతే అది గాల్లో మాట.

ఐదో సిట్టింగు: గొడవ, కాపురం

గొడవపడటం నేర్చుకోవాలి అంటే ఆశ్చర్యపోతారు, కానీ అది 20 నిమిషాల అభ్యాసం. ఒకరు అయిదు నిమిషాలు మాట్లాడతారు, రెండోవాళ్ళు అడ్డురాకుండా విని, విన్నది తమ మాటల్లో తిరిగి చెబుతారు. మాట్లాడినవాళ్ళు "అవును, అదే" అనేదాకా మళ్ళీ చెప్పాలి. తర్వాత వంతు మారుతుంది. చివర చెరొక్క కోరిక అడగాలి. ఒక బావామరదళ్ళ జంట చేస్తే ఇలా ఉంటుంది:

"అత్తకి డబ్బులు పంపినందుకు కాదు బావా. నాకు చెప్పకుండా పంపీసినావు. చీటీ కడదామని చూస్తే అకౌంటులో లేవు."

"అంటే మా అమ్మకి పంపొద్దంటావు."

"అదేటి బావా, నేనన్నది అది కాదు."

"సరే... పంపడం తప్పు కాదు. నీకో మాట చెప్పకపోవడం తప్పు. చీటీ రోజు నువ్వు ఇబ్బంది పడ్డావు."

"ఆఁ, అదే."

రెండో వరుస దగ్గర కౌన్సెలరు కల్పించుకోకుండా ఉండటమే కష్టం. సాధారణంగా మొదటిసారి అందరూ అక్కడే పొరబడతారు, అవతలి మాటని దాడిగా వింటారు. రెండోసారికి సరిచేసుకుంటారు. వాళ్ళకై వాళ్ళు సరిచేసుకున్నదే ఇంటిదాకా వెళుతుంది. కొన్ని నియమాలు కూడా రాసుకోవాలి: తాగి ఉన్నప్పుడు మాట్లాడకూడదు, పుట్టింటిని తిట్టకూడదు, గొడవ మధ్యలో తల్లులకి ఫోన్ చేయకూడదు, "ఇప్పుడు వద్దు" అన్నవాళ్ళు ఎప్పుడు మాట్లాడతారో వేళ చెప్పాలి. చెయ్యెత్తడం దగ్గర నియమాలు పనిచేయవు, అది ఈ అభ్యాసంతో తీరే సంగతి కాదు.

శారీరక విషయాలు ఆడవాళ్ళు అమ్మాయితో, మగవాళ్ళు అబ్బాయితో విడిగా మాట్లాడి, చివర పది నిమిషాలు కలిపి మాట్లాడటం మంచిది. మొదటి రాత్రే అన్నీ జరగాలని లేదు. అలసట, భయం, చుట్టాల చూపులు ఉన్నప్పుడు జరగకపోవడమే సహజం. రక్తం రాకపోవడం దేనికీ రుజువు కాదు. భర్త అయినా సరే, వద్దన్నప్పుడు ఆగాలి. ఇది అబ్బాయికి అర్థమయ్యేదాకా చెప్పాలి.

ముహూర్తానికి నెలసరి రాకుండా మాత్రలు వేసుకోవడం మామూలైపోయింది. డాక్టరు రాసిస్తేనే, నెలసరికి కనీసం మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. ఆపిన రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. అవి గర్భం రాకుండా ఆపవు, అక్కడే చాలామంది పొరబడతారు. పిల్లలు కొంతకాలం వద్దనుకుంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరోధ్, మాలా-ఎన్, వారం మాత్ర ఛాయ (మొదటి మూడు నెలలు వారానికి రెండు), మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉచితంగా దొరుకుతాయి. మాలా-ఎన్ వేసుకోవాలనుకుంటే పెళ్ళికి ముందు వచ్చే నెలసరిలో మొదటి అయిదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. వెంటనే పిల్లలు కావాలనుకునే అమ్మాయి రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే వేసుకోవాలి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే దాన్ని ముందు సరిచేసుకోవాలి.

రిజిస్ట్రేషన్

పెళ్ళిని నమోదు చేయించడానికి వయసు, చిరునామా రుజువులు, శుభలేఖ, పెళ్ళి ఫోటో, సాక్షులు కావాలి. పెళ్ళి జరిగిన నెలలోపే చేయించేయండి. మతాంతర జంటలు 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకుంటే ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి కాకపోతే మళ్ళీ మొదటి నుంచి ఇవ్వాలి. నోటీసు అందరికీ కనపడేలా అంటిస్తారు కాబట్టి, ఇంట్లో ప్రమాదం ఉన్నవాళ్ళు ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థని కలవడం మంచిది. వాళ్ళ నంబరు 15100.

ఎప్పుడు ఆపమని చెప్పాలి

కౌన్సెలరు పెళ్ళి చెడగొట్టడానికి లేడు. అయినా కొన్ని కనిపిస్తే వాయిదా వేయమని సూటిగా చెప్పాలి. తాంబూలాలు అయినప్పటినుంచి అబ్బాయి ఆమె ఎక్కడుందో గంటకోసారి వీడియో కాల్‌లో చూపించమంటే, ఒక్కసారైనా చెయ్యి చేసుకుంటే, సిట్టింగుకి సిట్టింగుకీ మధ్య అడిగే డబ్బు పెరుగుతూ పోతే, రిపోర్టులో అంకెలు దిద్దితే, ఇద్దరిలో ఎవరైనా విడిగా కూర్చోవడానికే ఒప్పుకోకపోతే. వాయిదాకి తక్కువలో తక్కువ ఆరు నెలలు పెట్టాలి. "పెళ్ళయితే మారిపోతాడు" అన్న మాటని నమ్మి ముందుకి తోయకండి. అమ్మాయికి 181 (మహిళల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం) నంబర్లు, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసేందుకు జిల్లా కేంద్రంలో ఉండే సఖి కేంద్రం చిరునామా ఐదో సిట్టింగు లోపే ఇవ్వాలి. ఏ తేడా కనపడకపోయినా ఇవ్వాలి, అందరికీ ఇస్తే ఎవరూ అనుమానంగా తీసుకోరు.

పెళ్ళయ్యాక ఇంకో రెండు

మొదటిది పెళ్ళయిన 40 రోజులకి, రెండోది ఆరు నెలలకి. రెండు నోటుపుస్తకాలు, నెల లెక్క కాగితం, 24 నెలల గళ్ళ కాగితం తెచ్చుకుని, అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీత పెట్టాలి. ఈసారి కూడా ముందు పావుగంట విడివిడిగానే. భర్త ఊళ్ళో లేకపోతే ఫోన్లో చేయవచ్చు, కాకపోతే ఆమె ఆ సమయంలో అత్తారింట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉండేలా చూసుకోండి. అనుకున్న లెక్క కుదరకపోతే పాతదాన్ని కొట్టేసి కొత్తది రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి.